కత్తుల ఇరుసు

21 జనవరి 1957, సోమవారం

బడి నుంచి వస్తూ వీధి మలుపు తిరగ్గానే తెలిసిపోయింది, మిషను ఆగిపోయిందని. మా వీధి వాళ్ళకి మధ్యాహ్నం కునుకు పట్టనివ్వనిది చెక్క నునుపు చేసే ఆ చిత్రిక మిషనే. ఇవాళ ఎవరింట్లోనో అప్పడాలు వేగుతున్న చప్పుడు కూడా వినిపించింది.

షెడ్డులో మా ఆయన మిషను ముందు పీట వేసుకుని కూర్చున్నారు. కత్తులు బిగించిన ఇరుసుని పైకి తీసి గోనె మీద పడుకోబెట్టేరు, జబ్బు మనిషిని మంచం మీంచి దింపినట్టు. ఆ ఇరుసు తిరిగే బ్యారింగుకి లోపల మెత్తటి లోహం పూత ఒకటి ఉంటుంది, వైట్ మెటల్ అంటారు. అది పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది.

"ఏమైందండీ?" అన్నాను. పలకలేదు. మళ్ళీ అడిగేను. తల కూడా ఎత్తలేదు.

అంతలో పరదేశి టీ తాగి వచ్చేడు. మిషనులోకి చెక్క అందించేది వాడే. "ఏటి బాబూ, అయిపోయినట్టేనా దీని పని?" అన్నాడు. వెంటనే, "పూత పోయిందిరా. ఇరుసు బాగానే ఉంది" అన్నారు.

నేను అడిగితే జవాబు లేదు. వాడు అడిగితే ఉంది.

ఎందుకో నాకు తెలుసు. న్యూ ఇయర్ నాడు తమ్ముడు దేవకుమార్ విశాఖపట్నం నుంచి వచ్చి, "ఆ తుక్కుని అమ్మేసి బావ మా కలప డిపోలో ఫోర్మనుగా చేరిపోకూడదా అక్కా" అన్నప్పుడు నేను వాడి పక్షాన మాట్లాడేను. అప్పట్నుంచీ ఇలాగే ఉన్నారు. అన్నది ఆయన మంచికే. ఈ మాట రాస్తుంటే కలం ఆగింది. ఆయన మంచికా, నా మధ్యాహ్నం నిద్రకా?

23 జనవరి

చెరుకు ఊళ్ళలో ఇంజన్లు అమ్మడానికి మద్రాసు నుంచి ఏజెంటు ఒకడు వచ్చేడు. కె.కోటపాడు వెళ్తూంటే ఆయన పట్టుకొచ్చి మిషను చూపించేరు. కుర్రాడు, మెడకి టై. మిషను మీద నెంబరు పలక తుడిచి చదివేడు.

"సార్, ఈ మోడలు చేయడం యుద్ధానికి ముందే మానేశారు. పార్టులు లేవు. ఇంగ్లండులో ఆ కంపెనీ వాళ్ళ దగ్గరే దీని డ్రాయింగు దొరకదు. దీన్ని మ్యూజియానికి ఇచ్చేయండి, కొత్తది బాల్ బేరింగులతో నేను తెప్పిస్తాను."

ఆయన నవ్వేరు. "రంగంలో నేను ఈ మిషన్ల మధ్యే పెరిగేనయ్యా. జపాను వాడి బాంబులు పడితే ఆగేయి గానీ, పార్టుల్లేక ఒక్కటీ ఆగలేదు."

యుద్ధంలో రంగూను వదిలి బర్మా నుంచి నడిచొచ్చిన మనిషి. రంగం మాట ఎత్తితే ఇంక ఎవరి మాటా నెగ్గదు. ఏజెంటుతో చాలాసేపు మాట్లాడేరు. వాణ్ణి సాగనంపేక, "అన్నం పెట్టమన్నారా?" అంటే జవాబు లేదు. నా పక్కనుంచే వెళ్ళి కాళ్ళు కడుక్కున్నారు.

25 జనవరి

ఇవాళా అంతే.

27 జనవరి, ఆదివారం

చర్చిలో పాట మొదలయితే పుస్తకం తెరిచి పట్టుకుని, నోరు మూసుకుని నిలబడ్డారు. ఒకప్పుడు ఈయన గొంతుకి ముందు వరసల్లో ముసలమ్మలు వెనక్కి తిరిగి చూసేవారు. నా మీద కోపం దేవుడి మీదకి కూడా పాకిందా?

మధ్యాహ్నం రోలుగుంట రైతు ఒకాయన వచ్చేడు. చెరుకు ఆడే ఇంజను ఏదో తేడాగా కొట్టుకుంటోందట. "మీరేం సెయ్యక్కర్లేదు మేస్త్రిగారూ, ఒక్కసారి వొచ్చి సెవి పెట్టండి. మీరు బాగుందంటే మాకు నిద్దరడతాది" అని బతిమాలేడు. ఈ చుట్టుపక్కల ఆయన చెవికి అంత పేరు. పుల్ల ఒకటి ఇంజనుకీ చెవికీ ఆనించి విని, ఫలానా చోట ఫలానా అరుగుదల అని చెప్పేస్తారు. ఇవాళ మాత్రం, "నా మిషనే పడుకుంది, నీ మిషను దగ్గరికి ఎక్కడ వచ్చేది?" అని పంపించేశారు. ఇదివరకైతే చొక్కా వేసుకుంటూనే బయల్దేరేవారు.

పరీక్ష పేపర్లు ముందేసుకుని ఒక్కటీ దిద్దలేకపోయేను. లేచి కిటికీ తలుపు మూసేను. మళ్ళీ తెరిచేను.

30 జనవరి

అనకాపల్లి బస్సు దిగి గోనెసంచి మోసుకొచ్చేరు. నడవలో కుమ్మరిస్తే అచ్చు అక్షరాలు! అక్కడ ఏదో ప్రెస్సు ఎత్తేస్తున్నారట, అరిగిపోయిన టైపు తుక్కు కింద ఇచ్చేసేరట. "ఇందులోనూ సీసం, తగరమే కదరా. వైట్ మెటలు దొరక్కపోతే మానె, దీన్ని కరిగించి పోద్దాం." చెప్పింది పరదేశికి. నాకు కాదు.

సన్యాసమ్మ వచ్చింది. రోజూ పొయ్యిలోకి చిత్రిక పొట్టు పట్టుకెళ్ళేది, మిషను ఆగిన దగ్గర్నుంచి ఊరికే వచ్చి కూర్చుని వెళ్తోంది. ఒక 'క్ష'ని రెండు వేళ్ళతో ఎత్తి చూసింది.

"ఓలమ్మో, ఇదేటమ్మా, తేలుపిల్లలాగుంది! సదువుకున్నోలింట్లో సరస్పతిని కరగేస్తారేటి? పాపం కాదూ?"

"మాకు సరస్వతి లేదులే సన్యాసమ్మా."

"నేకపోతే మరీ మంచిది. కోపం రాడానికి ఎవులూ ఉండరు."

చాలా రోజులకి నవ్వేను. ఆయన తల ఎత్తి నా మొహం చూసేరు. నవ్వు చప్పుడుకి కాదనిపించింది, సన్యాసమ్మ నా వేపు వేలు చూపించినందుకు.

తర్వాత ఊరికే కూర్చుని అక్షరాలు ఏరేను. గుడులూ కొమ్ములూ వత్తులే ఎక్కువ, అసలు అక్షరాలు తక్కువ. ఎందుకేరినట్టో, అన్నీ మూకుడులోకి పోయేవే కదా.

2 ఫిబ్రవరి, శనివారం

పోత పోసేరు.

ఇరుసుకి కిరసనాయిలు దీపం మసి పట్టించేరు, లోహం అంటుకోకుండా. దాన్ని బ్యారింగులో పెట్టి చివర్లు బంకమట్టితో మూసేరు. మట్టిలో తడి మిగిలితే కరిగిన లోహం ఎగిరి మొహాన పడుతుందట, అందుకని ఎండలో పెట్టి, మళ్ళీ నిప్పుల దగ్గర పెట్టి ఆరబెట్టేరు. ఇనప మూకుడులో అక్షరాలు. ముందు వత్తులు పోయేయి. పెద్దవి కాస్సేపు మొండికేసి నిలబడి, ఒక్కసారిగా మునిగేయి. ఒకే ధారగా పోయాలి, మధ్యలో ఆగితే అతుకు పడుతుంది. ఆయన చెయ్యి వణకలేదు. "జాగ్రత్తండీ" అన్నాను. గాలికి అన్నట్టే.

చల్లారేక పరదేశి ఆంజనేయస్వామి గుడి నుంచి సిందూరం తెచ్చేడు. నూనెలో కలిపి ఇరుసుకి రాసి తిప్పితే లోపల ఎక్కడ మిట్ట ఉంటే అక్కడ ఎర్రగా అంటుతుంది. ఆ ఎరుపు గీకుతారు. మళ్ళీ రాస్తారు, మళ్ళీ గీకుతారు. "మా చర్చి సంఘ పెద్దలు ఇటు రాకుండా చూడరా" అన్నారు నవ్వుతూ. వాడితోనే.

4 ఫిబ్రవరి

ఇవాళ్టి నుంచి నేనూ మాట్లాడను. ఎప్పటికి గుర్తిస్తారో చూస్తాను.

6 ఫిబ్రవరి

గుర్తించలేదు.

7 ఫిబ్రవరి

కంచం పెట్టి మౌనంగా నిలబడ్డాను. తిని లేస్తూ, "పప్పు బాగుంది" అన్నారు. ఇన్నాళ్ళకి ఒక మంచి మాట, అదీ నేను నోరు మూసుకున్నాక. అంటే నా మాటే ఆయనకి బరువన్నమాట. బి.ఏ. చదివిన పెళ్ళాం మాట.

8 ఫిబ్రవరి, శుక్రవారం

చాలా రాత్రయింది. అయినా రాయాలి.

సాయంత్రం బజారుకి బయల్దేరేం. ఆయన ముందు, నేను వెనక. వెనకాల నుంచి సైకిలు ఒకటి బెల్లు కొట్టుకుంటూ వచ్చింది. ఆయన నడిరోడ్డు మీద ఉన్నారు. వాడు బెల్లు కొడుతూనే ఉన్నాడు, ఈయన తప్పుకోలేదు. సైకిలువాడు కాలు దించి, "ఏటి మేస్త్రీ, రోడ్డు గానీ కొనీసేరేటి?" అని పక్కనుంచి దూసుకుపోయేడు. ఆయన ఉలిక్కిపడ్డారు. ఇంకాస్త దూరం పోయేక చెరుకు బండి ఒకటి వస్తోంది, ఇంకా ఎక్కడో ఉండగానే ఆయన వారకి జరిగి నిలబడ్డారు.

బండి చప్పుడు మోటు. బెల్లు సన్నం.

పరదేశి గొంతు మోటు. ఆ ఏజెంటుది కూడా మోటే. నాది?

ఇంటికొచ్చి పరీక్ష చేసేను. సిగ్గు వేసింది, అయినా చేసేను. ఆయన వీపు వెనక నిలబడి మామూలుగా, "కాఫీ ఇవ్వనా?" అన్నాను. పలకలేదు. గొంతు దించి, కడుపులోంచి, మగాడిలా, "కాఫీ ఇవ్వనా?" అన్నాను. "ఇయ్యి" అన్నారు, వెనక్కి తిరక్కుండానే.

వంటింట్లోకి వెళ్ళి పీట మీద కూర్చుండిపోయేను. కోపం కాదు. నా మీద విసుగు కాదు. చెవుడు. మిషన్ల హోరులో ఇన్నేళ్ళు నిలబడి నిలబడి, సన్నటి చప్పుళ్ళన్నీ ఆయనలోంచి అరిగిపోయేయి, నా గొంతుతో సహా.

నాకు సంతోషం వేసింది. కట్టుకున్న మొగుడికి చెవుడని తెలిసి సంతోషించేను. కాఫీ పొంగిపోయింది.

9 ఫిబ్రవరి

సంతోషం పొద్దుటికి లేదు.

ఆయనకి తెలుసు. తెలీకపోవడం ఎలా? అందుకే పాడటం మానేశారు. అందుకే రోలుగుంట వెళ్ళలేదు. సన్నటి తేడా పట్టుకోలేనని తెలిసి ఇంజనుకి చెవి ఎలా పెడతారు? ఈ విషయం బయటపడితే ఇంక ఆయన్ని ఎవరు పిలుస్తారు? చేతిపని చేసేవాళ్ళు ఊరికి పది మంది ఉన్నారు. ఆ చెవి ఉన్నవాడు ఆయన ఒక్కరే.

అడుగుదామా? అడిగితే దాచుకునే హక్కు లాగేసుకున్నట్టు. అడక్కపోతే నాటకం ఆడినట్టు. వీధిలో పార్లమెంటు ఓట్ల జీపు మైకులో అరుచుకుంటూ పోయింది. ఆయన అరుగు మీద నిలబడి శ్రద్ధగా విన్నారు.

ఒకవేళ నేనే ఇదంతా అల్లుకున్నానేమో. విసుగుకన్నా చెవుడు నయం కదా నాకు.

12 ఫిబ్రవరి

మిషను తిరిగింది.

ఇంజను తిప్పేరు, బెల్టు వేసేరు. ఇరుసు వేగం అందుకుంది. ఆయన పుల్ల తీసుకుని ఒక కొస బ్యారింగు మీద పెట్టి రెండో కొసకి చెవి ఆనించేరు. తర్వాత రెండో చెవి. తర్వాత, ఇది నేను ఎప్పుడూ చూడలేదు, పుల్ల కొసని పళ్ళ మధ్య కరిచి పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. దవడ ఎముకతో వింటున్నారు.

"బాగుంది" అన్నారు.

పరదేశి బెల్లం ముక్క పంచేడు. సన్యాసమ్మ అప్పుడే బుట్ట పట్టుకుని సిద్ధం.

నాకు కూత వినిపిస్తోంది. ఇంజను దబదబల పైన, కత్తుల హోరు పైన, జుట్టు పోగంత సన్నంగా. ఆగకుండా.

పరదేశిని చాటుకి పిలిచి అడిగేను. "ఇనిపిస్తంది గానమ్మా, కొత్త పోత గదా, పాలు మానిన దూడలాగ నాల్రోజులు అరుస్తాది. బాబు బాగుందన్నారు గదా. ఆయన సెవి కన్నా నా సెవి ఎక్కువేటి?"

13 ఫిబ్రవరి

అన్నాల దగ్గర చెప్పేను, గొంతు దించి. "మిషను కూస్తోంది."

ముద్ద చేతిలోనే ఆగింది. "ఎవరన్నారు?"

"నేనే విన్నాను."

"కొత్త లోహం. సర్దుకుంటుంది." ముద్ద నోట్లో పెట్టుకుని, "నీకు ఇంగ్లీషు వచ్చు కదా, అది చెప్పుకో" అన్నారు.

ఇంకేమీ అనలేకపోయేను. అనవలసింది. కొత్తగా పెళ్ళయినప్పుడు ఆయనే చెప్పేరు, రంగంలో ఒకసారి ఇరుసు వేడెక్కి బిగుసుకుంటే బ్యారింగు పగిలి కత్తులు ఊడి ఎగిరేయని, ఎదురుగా చెక్క అందిస్తున్న మనిషిని ఇంటికి మోసుకెళ్ళేరని. ఇక్కడ కత్తులకి ఎదురుగా నిలబడేది పరదేశి.

కానీ నేను వింటున్నది నిజంగా తప్పు చప్పుడేనా? ఆ మిషను అమ్మేయాలని కోరుకున్నది నేనే. అది పాడయితే బాగుండునని నా చెవి ముందే తీర్మానించుకుందేమో. అలాంటి చెవిని నమ్మి, ఊరందరి ముందూ ఆయన చెవిని కాదనమంటావా? ఎవర్ని అడుగుతున్నానో.

14 ఫిబ్రవరి

బడిలో నల్లబల్ల మీద సుద్ద కీచుమంటే పిల్లలు నవ్వేరు. నా ఒళ్ళంతా చెమట పట్టింది.

15 ఫిబ్రవరి

కూత తగ్గలేదు. సర్దుకోలేదు. తగ్గిందేమో అనుకున్నాను ఒకసారి. లేదు.

16 ఫిబ్రవరి, శనివారం

ఒంటిపూట బడి. తిన్నగా షెడ్డుకే వెళ్ళేను. హైస్కూలు కొత్త గదుల తలుపులు కాంట్రాక్టు తీసుకున్న బంగార్రాజు అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, చెక్కలు తయారైతే బండి మీద వేసుకుపోదామని. ఇంజను బయట కొట్టుకుంటోంది. పరదేశి టేకు చెక్క లోపలికి తోస్తున్నాడు, బొజ్జ ఆనించి. ఆయన అవతల వేపు నిలబడి వచ్చే చెక్క అందుకుంటున్నారు.

గుమ్మంలో ఉండగానే కూత మారింది. నిన్నటిది పోగు. ఇవాళ్టిది సూది. పైకి, పైకి ఎక్కుతోంది. పరదేశి మొహం చూసేను. వాడికీ తెలుస్తోంది. కనుబొమలు ముడేసి ఆయన వేపు చూస్తున్నాడు. ఆయన ప్రశాంతంగా, చెక్క నునుపు చేత్తో తడుముతూ, తల ఊపేరు. పరదేశి ఇంకో చెక్క ఎత్తేడు.

"ఆపండి!" అన్నాను. నా మామూలు గొంతే వచ్చింది, కంగారులో ఇంకా సన్నమై. ఆయనకి అందని గొంతు.

బెల్టుని తప్పించే కర్ర గుమ్మం పక్కనే ఉంది. ఆ షెడ్డులో ఆడవాళ్ళు పొట్టు ఎత్తుకోవడం తప్ప దేన్నీ ముట్టుకోరు. రెండు చేతులతో పట్టుకుని లాగేను. బెల్టు పటపటలాడుతూ పక్కనున్న ఖాళీ చక్రం మీదకి జారింది. ఇరుసు చాలాసేపు తిరిగి, తిరిగి, ఒక మూలుగు మూలిగి ఆగింది.

ముందు బంగార్రాజే మాట్లాడేడు. "ఏటి మేస్త్రీ, ఇంకనుంచి పంతులమ్మగారేటి మిషను నడిపేది?"

ఆయన మొహం నల్లబడింది. అంత కోపం ఎప్పుడూ చూడలేదు. "ఎవరు తియ్యమన్నారు? ఎవరు తియ్యమన్నారు నిన్ను?"

గొంతు ఎంత దించగలనో అంత దించేను. "చెయ్యి పెట్టి చూడండి."

చూడరనుకున్నాను. చూసేరు. బ్యారింగు మూత మీద అరచెయ్యి వేసి, చటుక్కున లాగేసుకున్నారు. పరదేశి ఉమ్మి తడి చేసి వేలు పెడితే చుయ్యిమంది. వాడు ఇందాకా నిలబడిన చోటు వేపు ఒకసారి చూసుకుని, రెండడుగులు పక్కకి జరిగేడు.

చల్లారనిచ్చి మూత విప్పేరు. లోపల లోహం బీటలు వారి, ఒక పక్క పేస్టులా అలుముకుపోయి ఉంది. ఇరుసు మీద గీత. కత్తి బిగించిన బోల్టు ఒకటి వదులైంది. ఆయన దాన్ని వేలితో తిప్పేరు. వేలితోనే తిరిగింది.

ఆ బోల్టు చేతిలో పట్టుకుని ఆయన, అక్కర్లేనంత గట్టిగా అన్నారు: "నాకు వినపడలేదు బంగార్రాజూ. సన్న చప్పుళ్ళు నాకు వినపడవు. చాన్నాళ్ళయింది."

బంగార్రాజు కుర్చీలోంచి లేచేడు. జాలి పడతాడనుకున్నాను. "అయితే మా తలుపుల సంగతేటి?" అన్నాడు.

సన్యాసమ్మ బుట్ట దించింది. "తలుపులు సెవుల్తో సేస్తారేటి బాబూ? సేతుల్తో గదా! సేతులు ఇంకా ఉన్నాయి ఆయనకి. నీ నోరు కూడా ఉంది."

పరదేశి మాత్రం ఆయన దగ్గరగా వెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి, మళ్ళీ తనెవరో గుర్తొచ్చినట్టు చెయ్యి తీసేశాడు.

సాయంత్రమంతా ఆయన నాతో మాట్లాడలేదు. ఈసారి వినపడకా, ఇష్టం లేకా, తెలీదు. ఒక మనిషి ప్రాణం కాపాడేను. ఒక మనిషి పరువు తీసేను. ఇద్దరికీ అన్నం నేనే వడ్డించేను, పరదేశి ఇవాళ మా ఇంట్లోనే తిన్నాడు. ఎందుకో ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదన్నాడు.

17 ఫిబ్రవరి, ఆదివారం

చర్చికి రారనుకున్నాను. వచ్చేరు. పాట ఎత్తగానే ఎత్తేరు. శ్రుతి ఒకచోట, ఆయన ఒకచోట. ముందు వరసల వాళ్ళు వెనక్కి తిరిగేరు. ఆగలేదు. చివరి చరణం అందరూ ముగించేక ఆయన ముగించేరు.

20 ఫిబ్రవరి

టైపు లోహం మరీ పెళుసు, అంత వేగానికి ఆగదు. ఈ మాట ఆయన నాకే చెప్పేరు, పరదేశికి కాదు. కళాయి పోసే అతని దగ్గర తగరం తెచ్చి కలిపేరు. నూనె దిగడానికి గాడి వెడల్పుగా తీసేరు. ఇరుసు మీద గీత రుద్ది పోగొట్టి, కత్తుల బోల్టులన్నీ మళ్ళీ బిగించేరు. మళ్ళీ మసి, మళ్ళీ మట్టి, మళ్ళీ సిందూరం. పక్కన కూర్చోమని అనలేదు. పీట మాత్రం ఇంకోటి ఉంది.

తమ్ముడికి కబురు చెయ్యనా, డిపోలో ఇంకా ఆ ఫోర్మను పని ఖాళీ ఉందేమో? అనుకున్నాను. చెయ్యలేదు. చెయ్యకపోవడం ధైర్యమో, బద్ధకమో.

23 ఫిబ్రవరి, శనివారం

ఇవాళ జరిగింది ఎవరికీ చెప్పలేను. ఇక్కడ రాస్తాను.

మిషను తిప్పేముందు ఆయన నన్ను పిలిచి బ్యారింగు పక్కన నిలబెట్టేరు. పుల్ల నా చేతికిచ్చేరు. ఇరుసు వేగం అందుకున్నాక, "ఎలా ఉంది?" అన్నారు.

"కూత ఉంది. తక్కువే."

"ఎలాంటి కూత?"

ఎలాంటిదని చెప్పను? "సన్నగా."

"సన్నగా అంటే? అదేనా నువ్వు చదువుకున్నది? దేనిలాగ?"

"కెటిల్ మరుగుతుంటే వచ్చేలాగ."

"మరగబోయేముందా, మరిగేకా?"

"ముందు. కాదు. పసిపిల్ల ఏడవబోయేముందు... అదీ కాదు. తాటాకు మీద గాలి..."

"అన్నీ చెప్తావు, ఒకటీ చెప్పవు!" విసుక్కున్నారు. నిజంగా విసుక్కున్నారు, నా మాట విని. నాకు కోపం రాలేదు. "చెప్పకు. కూసి చూపించు."

"ఏమిటి?"

"అది ఎలా కూస్తోందో నువ్వు కూయి."

అక్కడ పరదేశి ఉన్నాడు. బంగార్రాజు ఉన్నాడు. సన్యాసమ్మ బుట్ట మీద కూర్చుని ఉంది. బోర్డు హైస్కూలు ఇంగ్లీషు టీచర్ని నేను. నోరు మూసుకుని, ముక్కుతో, ఆ కూతకి నా కూత కలిపేను. కుదరలేదు. పెంచేను. కుదిరింది. రెండూ ఒకటైపోయేయి.

ఆయన నా నోటి వేపు చూస్తున్నారు. వినపడటం లేదు, ఆ మొహంలో తెలుస్తోంది. అప్పుడు రెండు వేళ్ళు ఎత్తి నా గొంతు మీద పెట్టేరు. గ్రీజు వేళ్ళు. మొదట మెల్లిగా, తర్వాత కొంచెం నొక్కి.

పరదేశి గబుక్కున గోడ వేపు తిరిగి, అక్కడ లేని మేకులు ఏరడం మొదలెట్టేడు. "ఓలమ్మ, ఓలమ్మ, పట్టపగలే" అని సన్యాసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. బంగార్రాజు మాత్రం కళ్ళప్పగించి చూస్తున్నాడు, తలుపుల కోసం.

ఆయన కళ్ళు మూసుకున్నారు. ఎడమ చెయ్యి నా గొంతు మీద, కుడి చేత్తో రెంచి పట్టుకుని బ్యారింగు మూత బోల్టు కొద్దిగా వదులు చేసేరు. మిషను కూత దిగింది. నేనూ దిగేను. ఆయన కనుబొమలు లేచేయి. ఇంకాస్త. ఇంకాస్త దిగేం, మిషనూ నేనూ. రెండో వేపు బోల్టు తిప్పితే మళ్ళీ పైకి లేచింది. లేచేను. తల అడ్డంగా ఊపి వెనక్కి తిప్పేరు. నూనె పోసేరు. నాకు ఊపిరి చాలడం లేదు, పీల్చుకుని మళ్ళీ అందుకుంటున్నాను. అలా ఎంతసేపో.

చివరికి ఆగిపోయేను. కలపడానికి ఏమీ లేదు.

వేళ్ళు తియ్యలేదు ఆయన. "ఏం? ఊపిరాడలేదా?"

తల అడ్డంగా ఊపేను.

"సిగ్గేసిందా?"

"కాదు. పోయింది. కూత పోయింది." గొంతు దించే చెప్పేను. ఆయన చెవితో విన్నారో, వేళ్ళతో విన్నారో.

"నిజంగానా?"

"నిజంగా."

నా మొహంలోకి చూసేరు, మూకుడులో లోహం తయారైందా లేదా అని చూసే చూపుతో. తర్వాత పరదేశికి సైగ చేసేరు. చెక్క వెళ్ళింది. చెక్క వచ్చింది. నునుపుగా.

నిజంగానే అన్నాను. అన్నప్పుడు నిజంగానే పోయింది. లేక అందరూ చూస్తున్నారని, ఆ వేళ్ళు అలాగే ఇంకాస్సేపు ఉంటే నిలబడలేనని, పోయిందనుకున్నానా? ఒక పోగు ఏమైనా మిగిలిందా అడుగున?

24 ఫిబ్రవరి, ఆదివారం

ప్రసంగం ఒక్క ముక్క వినలేదు. మిగిలిందా, లేదా.

25 ఫిబ్రవరి, సోమవారం

పొద్దున్నే, బడికి వెళ్ళేముందు షెడ్డుకి వెళ్ళేను. మిషను తిరుగుతోంది. ఇంకా చెక్క పెట్టలేదు.

"ఎందుకు మొదలెట్టలేదు?" అన్నాను.

"మీరు రావాల గదమ్మా" అన్నాడు పరదేశి, అదేదో పాత ఆనవాయితీ అయినట్టు. "బాబు బాగుందన్నారు. నిన్న మొన్నటి దాకా అది సాలీది. ఇప్పుడు పంతులమ్మగారు తలూపకుండా సెక్క ముట్టుకున్నావంటే కూడెట్టను అంటంది నా పెళ్ళాం."

ఆయనకి ఈ మాటలన్నీ వినిపించేయి. పరదేశి గొంతు మోటు. మొహం తిప్పుకుని బెల్టు సరిచూస్తున్నట్టు నిలబడ్డారు. ఆ మాట ఆయనకి ఎక్కడ తగిలిందో నాకు తెలుసు. తగిలినా, బ్యారింగు పక్కనుంచి జరిగి నాకు చోటిచ్చేరు.

వంగి విన్నాను. ఇంజను ఉంది. కత్తుల హోరు ఉంది. బెల్టు అతుకు చక్రం మీదకి వచ్చినప్పుడల్లా టక్కుమంటోంది. కూత కోసం వెతికేను. ఉందనుకుంటే ఉన్నట్టుంది, లేదనుకుంటే లేనట్టుంది. కళ్ళు మూసుకున్నాను. అనుకోవడం మానేసి విన్నాను. బడి గంట కొడుతున్నారు, దూరంగా. ఇంకాస్సేపు విన్నాను.

కళ్ళు తెరిస్తే ఇద్దరూ నన్నే చూస్తున్నారు. పరదేశి చెక్క బొజ్జకి ఆనించుకుని, కత్తులకి ఎదురుగా.

తల ఊపేను.